నల్లపక్షానికి రెండు బొమ్మలు

కాకోల సరస్సు నడిమధ్య, పొద్దుటి ఎండలో, ధూమనాసుడి కోట నిగనిగలాడుతోంది. ఆ కోటకు పునాది లేదు. నీళ్ళ మీద తేలే ఒక మహా పలక మీద ఏడంతస్తులు లేచి నిలబడ్డాయి. గోడలు సూదంటురాయివి. గడపలు తాబేటి డిప్పలవి. కిటికీలకు తెరలుగా పాము కుబుసాలు వేలాడుతున్నాయి. కొసన ఉన్న పొగగూటిలోంచి నీలపు పొగ లేచి, ఆకాశానికి పోకుండా, మళ్ళీ చుట్టలు చుట్టుకుంటూ కిందికే దిగి, లోపల కూర్చున్న మాంత్రికుడి ముక్కుపుటాల్లోకి పోతోంది. అందుకే వాడికి ధూమనాసుడని పేరు.

ఆ కోట వాకిట్లో ఒక పడుచు దొర పడవ దిగాడు. తలకు జరీపాగా, చెవులకు పోగులు, నడుముకు పసుపుపచ్చ పట్టుదట్టీ, మూతి మీద కోరమీసం. చూసేవాళ్ళకు ఉత్తరదేశపు జమీందారు కొడుకే.

కాని ఆ దొర దొర కాదు. సిరివాక ఊళ్ళో, తరిమెన మీద అంకుడు కర్ర తిప్పి లక్కబొమ్మలు చేసే బేతన పెళ్ళాం మైలమ. పాగా మేనమామది. మీసం మేకది. దాన్ని బొమ్మలకు పూసే లక్కతోనే అతికించుకుంది.

ఆమె అంత దూరం రావడానికి కారణం చిన్నది కాదు. లోకంలో మండలపోరు అని ఒక ఆట ఉంది. భూమండలమంతా ఒక పటం మీద గీసి, ఎర్రపక్షం నల్లపక్షం అని రెండు సేనలు నిలిపి, ఇద్దరు కూర్చుని ఆడే యుద్ధం అది. పన్నెండేళ్ళ కిందట ధూమనాసుడు దేశదేశాలకూ చాటించాడు: "మండలపోరులో నన్ను గెలిచినవాడిదే నా కోట. ఓడినవాడు కర్రబొమ్మ అయి నా దగ్గర పడి ఉంటాడు." గొప్ప గొప్ప ఆటగాళ్ళు వరసగా వెళ్ళారు. వెళ్ళినవాళ్ళలో ఒక్కడూ తిరిగి రాలేదు. పోయిన ఏడాది కుందనగిరి రాజు తాంబూలమిచ్చి పంపితే బేతన కూడా వెళ్ళాడు. మైలమ ఏడాది ఎదురుచూసింది. తరువాత తలుపుకు గొళ్ళెం పెట్టి, ముళ్ళ అడవి దాటి, ఒంటికన్ను పడవవాడికి వాడి బొమ్మనే చెక్కి ఇచ్చి, ఇదిగో, ఈ వాకిట్లోకి వచ్చింది.

తలుపుకు అటూ ఇటూ రెండు భూతాలు కూర్చుని ఉన్నాయి. ఒకటి ముక్కు ఎగబీల్చింది.

"ఒరే అన్నా, ఈ దొర దగ్గర లక్కవాసన వస్తోందిరా!"

 మైలమ మీసం దువ్వి, "మా దేశంలో దొరలు అత్తరు పూసుకోరు, లక్కే పూసుకుంటారు. కూలివాళ్ళు పూసుకుంటారు అత్తరు. తప్పుకో" అంది బొంగురు గొంతుతో.

రెండో భూతం మొదటిదాని నెత్తిన మొట్టింది. "చూశావా! నిన్న సంతలో అత్తరు కొన్నావు కూలివెధవలాగా!"

అవి రెండూ జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి. మైలమ గడప దాటేసింది.

లోపల సభ సముద్రమంత ఉంది. నేల నడుమ చాపంత పటం. నాలుగు సముద్రాలు నీలపు రాళ్ళతో, కొండలు వెండితో, ఎడారులు పసుపురాళ్ళతో పొదిగారు. పటానికి అవతల పులితోలు మీద ధూమనాసుడు. పక్కన నిప్పుల కుంపటి, అందులోంచే నీలపు పొగ. ఎదురుగా, మనిషెత్తు కంచుకొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉంది. దాని ముక్కులో గవ్వలు. ఆటలో తీర్పరి ఆ కొంగే. పటం మీద మంత్రం పారదు. పారించబోయినవాడి తల వెయ్యి చెక్కలవుతుందని పటం చేసినప్పుడే శాసనం.

మైలమ కళ్ళు వీటి వేటి మీదా నిలవలేదు. కుంపటి వెనక అరుగు మీద కర్రబొమ్మలు బారులు తీరి ఉన్నాయి. గుర్రాలు, కాలిబంట్లు, ఏనుగులు, పడవలు. చివర ఉన్న పడవకు ఎడమవైపు కొమ్ము కాస్త ఎగిరిపోయి ఉంది. బేతన ఎడమచేతి బొటనవేలి కొన ఉలి కింద పడి ఎగిరిపోయింది, పెళ్ళయిన కొత్తల్లో. ఆ వేలికి పసుపు అద్ది గుడ్డ కట్టింది తనే.

"అరవై మూడు" అన్నాడు ధూమనాసుడు, ఆమె చూపు పట్టుకుని. వాడి మాటతోపాటు ముక్కులోంచి పొగ వచ్చింది. "నీతో అరవై నాలుగు. అరవై నాలుగు బొమ్మలు పోగయ్యాక వరసగా ఈ కుంపట్లో వేస్తే నాకిక చావుండదు. పన్నెండేళ్ళుగా నీకోసమే చూస్తున్నాను, దొరా. కాళ్ళు కడుక్కున్నావా? రా, కూర్చో."

మైలమ కూర్చుంది. ఓడితే తానొక్కతే కాదు, బేతనా ఉండడు, ఆ అరవై ఇద్దరూ ఉండరు. కళ్ళముందే బూడిద.

కూర్చుంటూ ఇంకోసారి అరుగు వైపు చూసింది. అప్పుడు తట్టింది. అరవై మూడు బొమ్మలూ ఎర్రలక్కవే. ఒక్కటంటే ఒక్కటి నల్లది లేదు.

అందులో విశేషమేమిటో చెప్పాలంటే ఆట సంగతి కొంచెం చెప్పాలి.

ఎర్రపక్షానిది పటం నడిబొడ్డు. ఇనుపకోట, పగడాలకోట అని పక్కపక్కనే రెండు రాజధానులు. సేనంతా ఒకచోటే. పైగా మొదటి ఎత్తు దానిదే. నల్లపక్షానికి మూడు రాజధానులు. ఉత్తరాన మంచుకోట, తూర్పున గంధపుకోట, దక్షిణాన ముత్యాలకోట. మూడూ మూడు మూలల. పొలాలూ సీమలూ నల్లపక్షానికే ఎక్కువ కనుక ఎత్తు ఎత్తుకూ కొత్త బొమ్మలు దానికే ఎక్కువ వస్తాయి. కాని అవి వచ్చేదాకా బతికి ఉండాలి గదా! ఎదుటివాడి రాజధానులు రెండు పట్టినవాడిదే గెలుపు. ఎర్రవాడు మూడిట్లో ఏ రెండు పట్టినా చాలు. నల్లవాడు ఉన్న రెండూ పట్టాలి.

అందుకని ఉన్నదున్నట్టు ఆడితే మూడు ఆటల్లో రెండు ఎర్రపక్షానివే. ఈ వంకర సరిచెయ్యడానికి పెద్దలు దిగుపాట పెట్టారు. ఆట మొదలయ్యే ముందు ఇద్దరూ పాడతారు. "ఇన్ని బొమ్మలు అదనంగా ఇస్తే నల్లపక్షం నేను తీసుకుంటాను" అని ఒకరంటే, "అంతకు తక్కువకే నేను తీసుకుంటాను" అని ఇంకొకరు. ఎవరు తక్కువకు దిగితే వారిదే నల్లపక్షం. ఆ అదనపు బొమ్మలు తన సీమల్లో సీమకొకటి చొప్పున, ఇష్టమైన చోట నిలుపుకోవచ్చు.

నల్లపక్షం శాపం తగిలిన పక్షమని, దాన్ని పట్టినవాడు బాగుపడడని, దేశమంతా పాటలు కట్టి పాడుతున్నారు. బిచ్చగాళ్ళు పాడతారు, బొమ్మలాటలవాళ్ళు పాడతారు, పిల్లలు దాగుడుమూతల్లో పాడతారు. బేతన కూడా తరిమెన తిప్పుతూ పాడుకునేవాడు. ఓడినవాళ్ళంతా ఎర్రపక్షమేనని చూడగానే, ఆ పాటలు ఈ కోటలోనే పుట్టాయని మైలమకు తెలిసిపోయింది.

"దొరా, దిగుపాట" అన్నాడు ధూమనాసుడు చాలా మర్యాదగా. "వచ్చినవాళ్ళంతా నల్లపక్షమంటే వణికిపోతారు. పాపం, ఎవరూ ఏడుకు తక్కువ అనరు. ముసలివాణ్ణి, నేనే సర్దుకుని ఆరుకో ఐదుకో ఆ శాపం నెత్తిన వేసుకుంటూ ఉంటాను. నీకూ శ్రమ లేకుండా, ఏడు అను, ఆరు అని నేనంటాను. అయిపోతుంది."

మైలమ దట్టీలో చెయ్యి పెట్టింది. అందులో ఒక నూలుతాడు ఉంది. దాని నిండా ముళ్ళు.

సిరివాకలో వాన కురిసి తరిమెన ఆగిన రోజుల్లో, బేతనా ఆమే మండలపోరు ఆడేవారు. బేతన ఎప్పుడూ ఎర్రపక్షమే. "నువ్వు ఆడదానివి, నీకు రెండు బొమ్మలు ఎక్కువిస్తాలేవే" అనేవాడు నవ్వుతూ. ఏడేళ్ళు ఆడారు. అతను గెలిస్తే ఎర్రదారంతో ముడి, ఆమె గెలిస్తే నల్లదారంతో ముడి. ఎర్రముళ్ళు నూట పన్నెండు, నల్లముళ్ళు నూట పధ్నాలుగు. అంటే రెండు బొమ్మలిస్తే రెండు పక్షాలూ త్రాసులో పెట్టినట్టు సమానం. ఆ సంగతి లోకంలో ఎవరికన్నా ముందు బేతనకే తెలియాలి. తెలియలేదు. పెళ్ళాం చేతిలో ఓడిన ఆటలు అతని లెక్కలో ఆటలే కావు. "వంటింటి ఆట" అనేవాడు. ఇక్కడికొచ్చి ఈ మాంత్రికుడికి ఐదో ఆరో బొమ్మలు ధారపోసి, ఎర్రపక్షం దొరికిందని సంబరపడి, కర్రపడవ అయి కూర్చున్నాడు.

"ఆరు" అంది మైలమ.

ధూమనాసుడి కనుబొమ్మ లేచింది. "ఓహో! దొరకు ధైర్యముందే! ఐదు."

"నాలుగు."

"చిన్నతనం దొరా నీది. ఉడుకు రక్తం. సరే, మూడు."

"రెండు" అంది మైలమ.

పొగ ఆగిపోయింది. నిజంగానే వాడి ముక్కులోంచి వస్తున్న పొగ నడిమధ్య నిలబడిపోయింది. కంచుకొంగ మెడ తిప్పి వాడి వైపు చూసింది.

"ఒకటి అను అయ్యా" అంది మైలమ. "ఒకటి అన్నావంటే శాపం నీదే. ముసలివాడివి, సర్దుకుంటావు గదా!"

వాడు అనలేకపోయాడు. ఒక్క బొమ్మతో నల్లపక్షం నిలవదని వాడికి బాగా తెలుసు. పన్నెండేళ్ళలో వాడు ఎర్రపక్షం ముట్టిందీ లేదు. పెదవులు బిగబట్టి, "తీసుకో" అన్నాడు.

"నల్లపక్షం ఉత్తరదేశపు దొరది. అదనం రెండు" అని కొంగ కంచు మోగినట్టు ప్రకటించింది. "బొమ్మలు నిలపండి."

అంతా సాధారణంగా అదనపు బొమ్మల్ని రాజధానుల్లో నిలుపుతారు. ధూమనాసుడూ అంతే చేసేవాడు. ఆరు బొమ్మలున్నవాడికి ఎక్కడ పెట్టాలో ఆలోచించే పనేముంది? రెండే ఉన్నవాళ్ళకు ఆలోచించక తప్పదు. మైలమ ఏడేళ్ళు ఆలోచించింది. నీళ్ళు తోడుతూ, పిండి రుబ్బుతూ, లక్క కరిగిస్తూ ఆలోచించింది.

మొదటి బొమ్మ ఒక పడవ. దాన్ని శంఖసాగరంలో నిలిపింది. మూడు నల్ల రాజధానులనూ కలిపేది ఆ సముద్రమే.

రెండోది ఒక కాలిబంటు. దాన్ని తీసుకెళ్ళి, మంచుకోటకూ గంధపుకోటకూ మధ్య ఉన్న ఉప్పుసీమలో నిలిపింది. అది గడ్డి మొలవని బీడు. కోట లేదు, పంట లేదు. అక్కడ బొమ్మ పెట్టినవాడు ఇంతవరకు లేడు.

ధూమనాసుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఉప్పు ఏరుకోవడానికా నాయనా వాణ్ణి పెట్టావు?"

"ఊరగాయకు కావాలి" అంది మైలమ.

కొంగ రెక్క విదిలించింది. ఆట మొదలైంది.

వాడి మొదటి ఎత్తు అరవై ముగ్గురూ వేసిన ఎత్తే. మూడు ఎర్రపడవలు తీసి శంఖసాగరంలోకి తోశాడు. అక్కడ ఎప్పుడూ ఉండేవి రెండే నల్లపడవలు. వాటిని కాల్చేస్తే మూడు కోటలూ ఒకదాన్నొకటి చూసుకోలేవు. ఆ ఎత్తు అరవై మూడుసార్లూ పారడం వాడు కళ్ళారా చూశాడు. కాని ఇప్పుడక్కడ ఉన్నవి మూడు. మూడుకు మూడు.

పోరు పద్ధతి సులువు. బొమ్మకొక గవ్వ. వెల్లకిల పడిన ప్రతి గవ్వకూ ఎదుటివాడి బొమ్మ ఒకటి కూలుతుంది. కొంగ ముక్కులోంచి గవ్వలు రాలాయి. ఎర్రవాటిలో ఒకటే వెల్లకిల పడింది. నల్లవాటిలో రెండు. మళ్ళీ రాలాయి. మిగిలిన ఒక్క ఎర్రపడవ గవ్వ బోర్లా. నల్లవాటిలో ఒకటి వెల్లకిల.

శంఖసాగరంలో ఒక్క ఎర్రపడవ మిగల్లేదు. రెండు నల్లపడవలు నిలిచాయి.

"గవ్వలు మోసం!" అని అరిచాడు ధూమనాసుడు.

"గవ్వలకు మోసం రాదు" అంది కొంగ. "నీ ఎత్తు ఇంకా అయిపోలేదు."

వాడు పళ్ళు నూరి గుర్రాలు దించాడు. తొమ్మిది ఎర్రగుర్రాలు, వెనక ఏనుగులు, ఉత్తరానికి దౌడు తీశాయి. రెండో ఎత్తులో వెండికొండలు దాటాయి. మైలమ ఉత్తరం వైపు ఒక్క బొమ్మనైనా పంపలేదు. వచ్చిన కొత్త బొమ్మలన్నీ దక్షిణాన ముత్యాలకోటలో దించుకుంటోంది. మూడో ఎత్తులో మంచుకోట గోడలు విరిగాయి, కాపలా నల్లబొమ్మలు కూలాయి, కోట మీద ఎర్రజెండా లేచింది.

"ఒకటి!" అన్నాడు ధూమనాసుడు. "ఇంకొక్కటి చాలు నాకు!" అని పట్టలేని సంతోషంతో కుంపటి ఎగదోశాడు. నిప్పులు భగ్గుమన్నాయి. ఆ వేడి తిన్నగా మైలమ మొహానికి తగిలింది. లక్క కరిగింది. మీసం ఒకవైపు ఊడి, చెంప మీద వేలాడి, తరువాత టప్పుమని పటం అంచున పడింది.



"ఆడది!" అని లేచి నిలబడ్డాడు ధూమనాసుడు. "ఆడదానితో ఆడానా నేను! చెల్లదు! ఈ ఆట చెల్లదు! కొంగా, దీన్ని ఇప్పుడే బొమ్మ చెయ్యి!"

మైలమ కొంగ వైపు చూసింది.  కంచుకొంగ ఒక కాలు దించి, రెండో కాలు ఎత్తి, తాపీగా మీసాన్ని ముక్కుతో తీసి అవతల పారేసింది.

"పటానికి బొమ్మ కదిపే చెయ్యి తెలుసు. మీసం తెలియదు. ఈమె తరువాత నీ నాలుగో ఎత్తు, ధూమనాసా. ఆడకుండా లేస్తే ఓడినట్టే."

వాడు కూలబడ్డాడు. మైలమ పాగా కూడా తీసి పక్కన పెట్టి, తన మూడో ఎత్తుకు కొత్త బొమ్మల్ని ముత్యాలకోటలోనే దించింది. జడ వీపు మీదికి జారింది. "ఇప్పుడు చల్లగా ఉంది. ఆడవయ్యా" అంది తన గొంతుతోనే.

నాలుగో ఎత్తులో వాడు ఉత్తరాన ఉన్న గుర్రాలన్నిటినీ గంధపుకోట వైపు తిప్పాడు. గుర్రం ఒక్క ఎత్తులో రెండు సీమలు దాటుతుంది. మంచుకోట నుంచి ఉప్పుసీమ ఒకటి, గంధపుకోట రెండు. ఈ ఎత్తుతో సరి. గంధపుకోటలో ఉన్నవి నాలుగే నల్లగుర్రాలు. వాడి తొమ్మిదిట్లో మంచుకోట దగ్గర రెండు పోగా ఏడు మిగిలాయి. వాడు ఉప్పుసీమ మీదుగా చెయ్యి చాపాడు. కొంగ ముక్కు టక్కుమని వాడి మణికట్టు మీద పడింది.

"ఆగు. ఉప్పుసీమలో శత్రువు ఉన్నాడు. శత్రువు నిలిచిన సీమలో ఆగి పోరాడాలి. దాటిపోవడం లేదు."

ధూమనాసుడు కిందికి చూశాడు. తెల్లటి బీడులో నల్లటి కాలిబంటు ఒక్కడు, ఈటె ఎత్తి నిలబడి ఉన్నాడు.

ఏడు గవ్వలకు ఒక గవ్వ. ఆ బంటు నిలవడని అందరికీ తెలుసు. నిలవలేదు కూడా. కాని ఏడు గుర్రాలూ ఆ ఎత్తుకు ఉప్పుసీమలోనే ఆగిపోయాయి. పడిన బంటును మైలమ వేళ్ళతో పైకి తీసి, కళ్ళకద్దుకుని, కొంగున కట్టుకున్నట్టే దట్టీలో దోపుకుంది.

ఇక ఆమెకున్నది ఒక్క ఎత్తు. వచ్చే ఎత్తులో వాడు గంధపుకోట పట్టేస్తాడు. ఈ ఒక్క ఎత్తులోనే వాడి రెండు రాజధానులూ పట్టాలి.

ముత్యాలకోట నుంచి నాలుగు నల్లగుర్రాల్ని రెండు పడవల్లోకి ఎక్కించింది. పడవలు శంఖసాగరం దాటి పగడాలకోట రేవులో దిగాయి. అక్కడ కాపలా ఒక్క ఏనుగు. ఉన్నవన్నీ ఉత్తరానికి తోలుకుపోయాడు గదా వాడు! నాలుగు గవ్వలు రాలాయి, ఏనుగు కూలింది. పగడాలకోట మీద నల్లజెండా.

"ఒకటి" అంది మైలమ.

తరువాత గంధపుకోటలో ఉన్న నాలుగు గుర్రాల్నీ బయటికి తీసింది. నాలుగూ. కోటలో కాపలాకు పిట్ట కూడా మిగల్లేదు.

"ఓసి పిచ్చిదానా!" అన్నాడు ధూమనాసుడు ఊపిరి బిగబట్టి. "కోట ఖాళీ చేశావు!"

 గుర్రాలు కాపలా లేని ఎర్రసీమ ఒకటి దాటి ఇనుపకోట ముందు ఆగాయి. లోపల రెండు ఎర్ర ఏనుగులు. నాలుగుకు రెండు. ఇంతవరకు నడిపింది ఆమె చెయ్యి. ఇక గవ్వదే.

రాలాయి. నల్లగవ్వలు నాలుగూ బోర్లా పడ్డాయి. ఎర్రగవ్వలు రెండూ వెల్లకిల. రెండు నల్లగుర్రాలు పడిపోయాయి.

ధూమనాసుడు నోరంతా తెరిచి నవ్వాడు. కుంపటి వెనక అరుగు మీదికి చెయ్యి చాచి, కొమ్ము విరిగిన పడవను తీసి నిప్పుల మీద పట్టుకున్నాడు. "ఇతడే గదమ్మా నీవాడు? ముందు ఇతణ్ణే వేస్తాను. గవ్వలు పడనీ!"

పడవ అడుగున ఎర్రలక్క మెల్లగా కరిగి, ఒక చుక్క నిప్పుల్లో పడి చుంయ్‌మంది. మైలమ పటం మీంచి చూపు తిప్పలేదు.  

"రాల్చు కొంగా" అంది.

రెండుకు రెండు. ఎర్రగవ్వ ఒకటి వెల్లకిల, ఒకటి బోర్లా. ఒక నల్లగుర్రం పోయింది. నల్లగవ్వల్లో మొదటిది వెల్లకిల పడింది. రెండోది అంచు మీద నిలబడి, బొంగరంలా తిరిగి, తిరిగి, పగడాలకోట దాకా దొర్లి, వెల్లకిల పడింది.

రెండు ఏనుగులూ కూలాయి. ఇనుపకోటలో ఒకే ఒక్క నల్లగుర్రం నిలబడి ఉంది.

"రెండు" అంది మైలమ.

కంచుకొంగ రెక్కలు రెండూ విప్పి గంట మోగినట్టు కూసింది. ఆ కూతకు కోట ఏడంతస్తులూ అదిరాయి. అరుగు మీది ఎర్రలక్క పెచ్చులు పెచ్చులుగా రాలింది. గుర్రం ఒక రావుతుగా లేచింది, ఏనుగు ఒక లావుపాటి మంత్రిగా లేచింది, కాలిబంట్లు తుమ్ముతూ దగ్గుతూ మనుషులయ్యారు. ధూమనాసుడి చేతిలోని పడవ బరువెక్కింది. మనిషి బరువెక్కింది. వాడి చెయ్యి మెలిపడి, బేతన వాడి ఒళ్ళో పడి, అక్కణ్ణుంచి నేల మీదికి దొర్లాడు.

"నా ఎర్రపక్షం ఏదీ? ఎత్తు నాదేనా?" అన్నాడు బేతన కళ్ళు నులుముకుంటూ. అరికాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి.

"నీ ఎత్తు అయిపోయి ఏడాదయింది మావా. లే!" అంది మైలమ.

లేవక తప్పలేదు. పటం మీద ఓడినవాడికి కోట నిలవదు. కింద ఉన్న పలక పగిలింది. శంఖసాగరపు నీలపురాళ్ళ సందుల్లోంచి సరస్సు నీళ్ళు చివ్వున చిమ్మాయి. ధూమనాసుడి ఒళ్ళు కరిగి పొగై, ఆ పొగ కప్పుకు చేరి గింగిరాలు తిరుగుతోంది. అందులో రెండు కళ్ళు మాత్రం ఎర్రగా మిగిలాయి. "పట్టుకోండి! ఒక్కడూ బయటపడకూడదు!" అని పొగ అరిచింది. వాకిలి వైపు నుంచి భూతాలు రెండూ గదలెత్తి పరుగెత్తుకొచ్చాయి. వాటి వెనక ఇంకా పాతిక.

"కొంగమ్మా! దారేదీ?" అని కేకవేసింది మైలమ మోకాలి లోతు నీళ్ళలో.

"దిగుపాటలో అడిగి పుచ్చుకున్నవి గెలిచినవాళ్ళవే" అంది కొంగ నీళ్ళల్లో మునుగుతూ. "నీవి రెండున్నాయి!"

మైలమకు ఇంకోసారి చెప్పనక్కర్లేకపోయింది. దట్టీలోంచి కాలిబంటును తీసి వాకిలి వైపు విసిరింది. నీళ్ళు తాకీ తాకకముందే అతడు తాటిచెట్టంత మనిషై, గడప మీద కాళ్ళు ఎడంగా పెట్టి, ఈటె అడ్డం పట్టుకుని నిలబడ్డాడు. ఉప్పుసీమలో నిలబడ్డట్టే నిలబడ్డాడు. భూతాలన్నీ వచ్చి ఆ ఈటెకు కొట్టుకుని ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"అన్నా, వీడి దగ్గరా లక్కవాసనేరా!" అని అడుగునున్న భూతం మూలిగింది.

మైలమ పటం మీంచి తన పడవను తీసి నీళ్ళలో పడేసింది. అది ఆవులించినట్టు పెరిగి పెరిగి, అరవై నలుగురికి సరిపడా నల్లటి ఓడ అయింది. రావుతు మంత్రిని ఎత్తి వేశాడు, మంత్రి ఇంకెవణ్ణో లాగాడు. అందరూ ఎక్కారు. కాలిబంటు చివరగా వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చి, ఓడ అంచు తాకి, మళ్ళీ బొమ్మై మైలమ అరచేతిలో పడ్డాడు. గోడ ఒకటి విరిగింది. ఆ సందులోంచి ఓడ బాణంలా సరస్సులోకి దూసుకుపోయింది. వెనక ఏడంతస్తుల కోట పొగగూటితో సహా బుడుంగున మునిగింది.

సరస్సు అంచు ఇంకా కోసెడు దూరంలో ఉందనగా హోరు వినిపించింది. కాకోల జలపాతం. దాని కిందే కుందనగిరి పోయే నది, తప్పించుకోవడానికి ఉన్న ఒక్క దారి. ఆకాశంలో పొగంతా ఒకచోట ముద్దకట్టి, రెక్కలు తెచ్చుకుని, రాబందై వెనక తరుముకొస్తోంది.

బేతన చుక్కాని దగ్గరకు పాక్కుంటూ వచ్చాడు. పెళ్ళాన్ని కిందినుంచి పైకి చూశాడు. పట్టుదట్టీ, చెవిపోగులు, చెంప మీద లక్కమరక.

"నువ్వాడావటే వాడితో?"

"ఆఁ."

"ఏ పక్షం?"

"నల్లపక్షం."

"ఎన్ని బొమ్మలకు?"

"నువ్విచ్చినన్నే. రెండు."

 జలపాతపు తుంపర బేతన మొహం మీద పడుతున్నా తుడుచుకోలేదు. మైలమ దట్టీలోంచి నూలుతాడు తీసి, కళ్ళు నీళ్ళ మీదే ఉంచి, అతనికి అందించింది.

"చెప్పు మావా. ఇదీ వంటింటి ఆటేనా? లెక్కలోకి వస్తుందా, రాదా?"

బేతన తాడు అందుకున్నాడు. ఆ ముళ్ళన్నిటినీ ఒకటొకటిగా వేలితో తడిమాడు. ఎర్రవీ నల్లవీ. తన అంగరఖా అంచు నుంచి నల్లదారం ఒకటి పీకి, బొటనవేలి కొన లేని చేత్తో తాడు చివర పట్టుకుని, "నూట పదిహేను" అన్నాడు. "అన్నీ వస్తాయే. మొదటి దగ్గర్నుంచీ అన్నీ."

రాబందు నీడ ఓడ మీద పడింది. ముందు నీళ్ళు లేవు, ఆకాశమే ఉంది.

"అయితే ముడి గట్టిగా వెయ్యి" అంది మైలమ. కాలిబంటును పళ్ళ మధ్య కరిచి, చుక్కాని రెండు చేతులా పట్టి, ఓడ మొహాన్ని తిన్నగా జలపాతం మీదికి తిప్పింది.